ఉప్పు రవ్వంత యాక్టీనియం

శంషాబాద్ విమానాశ్రయంలో ఒక పెట్టె దిగిందనుకుందాం. పెట్టెలో సీసపు డబ్బా, డబ్బాలో గాజు సీసా, సీసాలో కంటికి ఆననంత యాక్టీనియం-225. ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే అరగంటలో ఐటీ కంపెనీలుండే నానక్‌రామ్‌గూడ చేరుకోవచ్చు. ఆ అరగంటతో చిక్కేమీ లేదు. అసలు చిక్కంతా అంతకుముందు గడిచిన రోజులతోనే. ఈ పదార్థం పది రోజులకోసారి సగమవుతుంది. తయారైన దేశంలో బయల్దేరి, విమానం మారి, కస్టమ్స్ దాటి రావడానికి నాలుగు రోజులు పడితే నాలుగో వంతు దారిలోనే హరించుకుపోతుంది. గోదాములో దాచుకుని వాడదామంటే కుదరని మందు ఇది.

క్యాన్సర్ చికిత్సలో ఆల్ఫా కణాల గురించి పదేళ్లుగా ఎంతో ఆశ వినిపిస్తోంది. ఆ ఆశలో నిలబడేది ఎంత, ఇంకా తేలవలసింది ఎంత, ఆ మందు మన దాకా రావడానికి అడ్డేమిటి అన్నవి ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్నలు. ముందుగా నా అభిప్రాయం చెప్పేస్తాను. వైద్యం చాలా దూరం నడిచింది, యాక్టీనియం లాంటి ఐసోటోపుల సరఫరా మాత్రం వెనకబడింది. ఆ సరఫరాకు కావలసిన ముడిసరుకు మన కోస్తా ఇసుకలోనే ఉంది.

ఆల్ఫా ప్రత్యేకత ఏమిటి?

రెండు ప్రోటాన్లు, రెండు న్యూట్రాన్లు కలిసిన హీలియం కేంద్రకమే ఆల్ఫా కణం. ఇది ఎలక్ట్రాన్ కంటే సుమారు 7,300 రెట్లు బరువు. ఈ బరువు వల్ల శరీర కణజాలంలో ఎక్కువ దూరం వెళ్లలేదు. 50 నుంచి 100 మైక్రాన్లు, అంటే నాలుగైదు జీవకణాల వెడల్పు దాటేసరికి ఆగిపోతుంది. తన శక్తినంతా ఆ కొద్ది దూరంలోనే కుమ్మరిస్తుంది. ఇప్పుడు వాడుకలో ఉన్న ల్యుటీషియం-177 వదిలేది బీటా కణాలను. అవి రెండు మిల్లీమీటర్ల దాకా పోతాయి, దారి పొడవునా పలచగా తాకుతాయి. బీటా చినుకులా పడితే ఆల్ఫా వడగల్లులా పడుతుంది.

ఈ తేడా జీవకణంలోని డీఎన్‌ఏ దగ్గర తెలుస్తుంది. బీటా దెబ్బకు డీఎన్‌ఏ రెండు పోగుల్లో సాధారణంగా ఒకటే తెగుతుంది. రెండో పోగు చూసుకుని కణం దాన్ని అతికించుకోగలదు. ఆల్ఫా దెబ్బకు రెండు పోగులూ ఒకేచోట తెగుతాయి. అతకడం కష్టమై కణం చనిపోతుంది. ల్యుటీషియానికి లొంగని కణితులు కూడా కొందరిలో ఆల్ఫాకు లొంగడానికి కారణం ఇదే. మోతాదుల్లోనూ ఈ తేడా కనబడుతుంది. ల్యుటీషియం ఒక మోతాదు మామూలుగా 7,400 మెగాబెకెరల్ (ఇది రేడియోధార్మికతకు కొలమానం). యాక్టీనియం మోతాదు ఎనిమిది మెగాబెకెరల్ చాలు.

కణితిని వెతికి పట్టుకునే పని ఐసోటోపుది కాదు, దాన్ని మోసుకెళ్లే అణువుది. ప్రోస్టేట్ క్యాన్సర్ కణాల పైపొర మీద పీఎస్ఎంఏ అనే ప్రోటీన్ ఎక్కువగా ఉంటుంది. దానికి అతుక్కునే చిన్న అణువును తయారుచేసి, దాని రెండో కొసన ఒక రసాయన పంజరం కట్టి, అందులో ఐసోటోపును కూర్చోబెడతారు. ముందు ఇలాంటి అణువుకే గాలియం-68 తగిలించి పెట్ స్కాన్ తీస్తారు. స్కాన్‌లో కణితి వెలిగితేనే చికిత్స ఫలించే అవకాశం ఉంటుంది. చూసిన చోటనే కొట్టడం ఈ పద్ధతికి ఆయువుపట్టు.

పాత పాఠాలు

1898లో క్యూరీ దంపతులు రేడియం కనుగొన్నారు, మరుసటి ఏడాదే దెబియర్న్ యాక్టీనియం కనుగొన్నాడు. అప్పటి నుంచీ రేడియం అంటే క్యాన్సర్ మందు అన్న పేరు లోకమంతా పాకింది. మనం ఎంఎన్‌జే అని పిలుచుకునే హైదరాబాద్ క్యాన్సర్ ఆసుపత్రి పాత పేరులో కూడా ‘రేడియం ఇన్‌స్టిట్యూట్’ అన్న మాట ఉండేది. ఆ రోజుల్లో రేడియాన్ని సూదుల్లో మూసి కణితి పక్కన పెట్టేవారు. పనిచేసింది గామా కిరణాలే, ఆల్ఫా కణాలు సూది గోడ దాటేవి కావు.

అదుపు లేని ఆల్ఫా ఎంత ప్రమాదమో చరిత్ర చూపించింది. గడియారం ముళ్లకు రేడియం రంగు పూసే అమెరికా కార్మిక యువతులు కుంచెను పెదాలతో తడిపి మొనదేల్చేవారు. ఆ రేడియం వాళ్ల ఎముకల్లో చేరి దవడలను తినేసింది. 1930ల నుంచి ఎక్స్‌రేల కోసం థోరోట్రాస్ట్ అనే థోరియం ద్రవం రక్తంలోకి ఎక్కించారు. అది ఎక్కించుకున్నవారిలో దశాబ్దాల తర్వాత కాలేయ క్యాన్సర్లు బయటపడ్డాయి. ఆల్ఫా వెలువరించే పదార్థం ఒంట్లో ఎక్కడ ఆగుతుంది, ఎన్నాళ్లుంటుంది అన్నదే ఈ వైద్యంలో మొదటి ప్రశ్న, చివరి ప్రశ్న కూడా.

ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూ లక్ష్యం వైపు గురిపెట్టిన ఆల్ఫాను మనుషుల మీద తొలిసారి పరీక్షించింది న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ ఆసుపత్రి.  అక్కడి వైద్యులు రక్త క్యాన్సర్ రోగులకు ఒక యాంటీబాడీతో జతచేసిన బిస్మత్-213 ఇచ్చి, 2002లో 18 మంది ఫలితాలు ప్రచురించారు. పద్ధతి సాధ్యమేనని తేలింది. 46 నిమిషాలకే సగమయ్యే బిస్మత్‌తో రోజువారీ వైద్యం నడవదని కూడా తేలింది.

ఇప్పటిదాకా తేలిందేమిటి?

పెద్ద నియంత్రిత పరీక్ష నెగ్గి మార్కెట్లోకి వచ్చిన ఆల్ఫా మందు రేడియం-223. కాల్షియంలా ప్రవర్తిస్తూ తనంతట తానే ఎముకకు చేరుతుంది, మోసుకెళ్లే అణువు అక్కర్లేదు. ఎముకలకు పాకిన ప్రోస్టేట్ క్యాన్సర్ ఉన్న 921 మంది మీద జరిగిన పరీక్షలో, మందు అందినవారి మధ్యస్థ ఆయుష్షు 14.9 నెలలు, అందనివారిది 11.3 నెలలు. 2013 మేలో అమెరికా అనుమతి వచ్చింది. మూడున్నర నెలలంటే చిన్న సంఖ్యలా కనబడవచ్చు. మంచం పట్టిన తండ్రి నొప్పి తగ్గి ఆ మూడు నెలలూ మనవలతో కూర్చోగలిగిన ఇంట్లో అది చిన్నది కాదు.

ఈ కథలో ఒక హెచ్చరిక కూడా ఉంది. రేడియం-223ను అబిరాటెరోన్ అనే మందుతో కలిపి ఇచ్చిన పరీక్షలో ఎముకలు విరగడం 11 శాతం నుంచి 29 శాతానికి పెరిగింది. ఆ తర్వాత ఎముకలను కాపాడే మందు తప్పనిసరి చేస్తూ, ఎంజాలుటమైడ్‌తో కలిపి జరిపిన మరో పరీక్షలో మేలు కనబడింది. ఆ ఫలితాలు 2024లో వెలువడ్డాయి. ఐసోటోపు ఒకటే. దేనితో కలిపారు, ఏ జాగ్రత్తతో కలిపారు అన్నదాన్ని బట్టి ఫలితం తారుమారైంది.

యాక్టీనియం-225 పేరు మారుమోగడానికి 2016లో జర్మనీలోని హైడెల్‌బర్గ్ వైద్యులు ప్రచురించిన ఇద్దరు రోగుల స్కాన్లు కారణం. ఒళ్లంతా పాకిన ప్రోస్టేట్ క్యాన్సర్ స్కాన్‌లో మాయమైంది. ప్రోస్టేట్ క్యాన్సర్ తీవ్రతను రక్తంలో సూచించే పీఎస్ఏ ఒకరిలో 2,900 దాటి ఉండగా, ఒకటి కంటే దిగువకు వచ్చింది. ఇద్దరు రోగులు ఆశకు చాలు గాని రుజువుకు చాలరు. రుజువు కూడగట్టడంలో మన దేశానికి గట్టి వాటా ఉంది. ఢిల్లీ ఎయిమ్స్‌లో చంద్రశేఖర్ బాల్ బృందం జీర్ణకోశ న్యూరోఎండోక్రైన్ కణితులున్న 91 మందికి యాక్టీనియం చికిత్స ఇచ్చి 2023లో ఫలితాలు ప్రకటించింది. రెండేళ్ల తర్వాత బతికి ఉండే అవకాశం 70.8 శాతమని లెక్కతేలింది. 2024లో ద లాన్సెట్ ఆంకాలజీలో వచ్చిన అధ్యయనం ఆస్ట్రేలియా, భారత్, జర్మనీ, దక్షిణాఫ్రికా కేంద్రాల్లోని 488 మంది ప్రోస్టేట్ రోగుల అనుభవాన్ని ఒకచోట చేర్చింది. వాళ్లలో ఎక్కువ మంది మిగతా మందులన్నీ వాడి చూసినవారు. వారి మధ్యస్థ ఆయుష్షు 15.5 నెలలు.

ఈ రెండు అధ్యయనాల్లోనూ పోల్చి చూసే రెండో జట్టు లేదు. కాబట్టి మేలు ఎంత అన్న ప్రశ్నకు తుది జవాబు ఇప్పుడు నడుస్తున్న మూడో దశ పరీక్షలే ఇవ్వాలి. కీడు మాత్రం స్పష్టంగానే తెలిసింది. పీఎస్ఎంఏను వెతికే ఈ మందు లాలాజల గ్రంథుల దగ్గర కూడా పోగవుతుంది. 488 మందిలో ఈ సమాచారం ఉన్నవారిని చూస్తే, మొదటి మోతాదుకే మూడింట రెండు వంతుల మందికి నోరెండిపోయింది. అన్నం ముద్ద నమలలేక, మాట సాగక కొందరు చికిత్సే మానుకున్నారు. మరో చిక్కు భౌతికశాస్త్రానిది. ఆల్ఫా ఎగిరిపోయినప్పుడు మిగిలిన పరమాణువు తుపాకీలా వెనక్కి తన్నుకుంటుంది. ఆ తాపుకు రసాయన పంజరం విడిపోతుంది. యాక్టీనియం ఒకటి తర్వాత ఒకటిగా నాలుగు ఆల్ఫాలు వదులుతుంది. కణితిలో ఉన్నంతసేపు అది నాలుగింతల బలం, పంజరం విడిచిన బిస్మత్ మూత్రపిండాలకు చేరితే అదే భారం.

మూడు ఐసోటోపులు, మూడు గడియారాలు

వైద్యానికి పనికొచ్చే ఆల్ఫా ఐసోటోపులు ఎన్నో లేవు. పోటీలో ముందున్నవి మూడు. యాక్టీనియం-225 అర్ధాయువు, అంటే సగమయ్యే కాలం, పది రోజులు. దూరదేశం నుంచి తెప్పించుకోవడానికి వీలు, దొరకడమే అరుదు.

రెండోది సీసం-212. అర్ధాయువు 10.6 గంటలు. దీన్ని దూరం పంపడం కష్టం, అందుకే దీని తల్లి అయిన రేడియం-224ను చిన్న గొట్టంలో బిగించి పంపే పద్ధతి ఉంది. ఆసుపత్రిలో రోజూ పాలు పితికినట్టు సీసాన్ని పిండుకుంటారు. ఫ్రాన్స్‌లోని ఒరానో మెడ్ పాత థోరియం నిల్వల నుంచి దీన్ని తీస్తోంది. ఆ సంస్థ, అమెరికాలోని రేడియోమెడిక్స్ కలిసి చేసిన మందుకు 2024 ఫిబ్రవరిలో అమెరికా ఔషధ సంస్థ ప్రత్యేక ప్రాధాన్య హోదా ఇచ్చింది.

మూడోది ఆస్టటైన్-211. 7.2 గంటలకు సగమవుతుంది. ప్రతి విఘటనకూ ఒకే ఆల్ఫా, కాబట్టి పంజరం తప్పించుకుపోయే సంతాన పరమాణువుల బెడద తక్కువ. మామూలు బిస్మత్‌ను 28 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల ఆల్ఫా పుంజంతో కొడితే పుడుతుంది. ఆ పుంజమిచ్చే సైక్లోట్రాన్ యంత్రాలే తక్కువ. కోల్‌కతాలో 1977 నుంచి ఉన్న కే-130 సైక్లోట్రాన్‌కు ఆల్ఫా పుంజం ఇవ్వగల శక్తి ఉంది. అక్కడ తయారుచేసి, శుద్ధిచేసి, విమానమెక్కించి హైదరాబాద్‌లో దించేసరికి ఏడు గంటలు పడితే చేతికి సగమే వస్తుంది. అందుకే ఆస్టటైన్ వాడాలనుకునే నగరం సైక్లోట్రాన్‌ను కూడా తన గడప దగ్గరే కట్టుకోవాలి.

ముప్ఫై మైక్రోగ్రాములు

చాలాకాలం ప్రపంచానికి యాక్టీనియం మూడు చోట్ల నుంచే వచ్చింది: అమెరికాలోని ఓక్ రిడ్జ్, జర్మనీలోని కార్ల్స్‌రూ, రష్యాలోని ఒబ్నిన్స్క్. మూడూ పాత అణు కార్యక్రమాల్లో మిగిలిన థోరియం-229ను పిండుకునేవే. అంతా కలిపి ఏడాదికి సుమారు 63 గిగాబెకెరల్ (గిగా అంటే వెయ్యి మెగా) అని చెబుతూ వచ్చారు. బరువులో లెక్క కడితే ముప్ఫై మైక్రోగ్రాములు. వంటింట్లోని సన్న ఉప్పు రవ్వ ఒకటి దానికంటే బరువు. కాగితం మీద అది ఎనిమిది వేల మోతాదులకు లోపు, మనిషికి మూడు నాలుగు మోతాదులు వేసుకుంటే రెండు వేల మందికి పైచిలుకు. దారిలో తరుగు తీసేస్తే ఇంకా తక్కువ. మన ఒక్క దేశంలోనే ఏటా 14 లక్షలకు పైగా కొత్త క్యాన్సర్లు వస్తున్నాయి.

ఈ కొరత పెద్ద కంపెనీలనూ వదల్లేదు. బ్రిస్టల్ మయర్స్ స్క్విబ్ సుమారు 410 కోట్ల డాలర్లకు రేజ్‌బయోను కొన్నది యాక్టీనియం మందు కోసమే. 2024లో ఆ మందు మూడో దశ పరీక్షలో కొత్త రోగులను చేర్చుకోవడం కొంతకాలం ఆపేయవలసి వచ్చింది. డబ్బుంది, రోగులున్నారు, అనుమతులున్నాయి. యాక్టీనియం లేదు.

కొత్త దారులు మూడున్నాయి. థోరియాన్ని భారీ శక్తిగల ప్రోటాన్లతో చిన్నాభిన్నం చేయడం ఒకటి. ఇందులో పరిమాణం బాగా వస్తుంది, దాంతోపాటు 22 ఏళ్ల అర్ధాయువు గల యాక్టీనియం-227 కల్తీ కూడా వస్తుంది. ఆసుపత్రి వ్యర్థాల నిర్వహణకు అది తలనొప్పి. రేడియం-226ను సైక్లోట్రాన్‌లో ప్రోటాన్లతో కొట్టడం రెండోది. రేడియాన్నే బలమైన ఎక్స్‌రేలతో కొట్టడం మూడోది. ఈ రెంటికీ రేడియం కావాలి. ఆసుపత్రుల బీరువాల్లో దశాబ్దాలుగా మూలపడిన పాత రేడియం సూదులను సేకరించి మళ్లీ మందుగా మార్చేందుకు అంతర్జాతీయ అణుశక్తి సంస్థ 2021లో ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. తాతల నాటి చికిత్స మనవల కాలపు చికిత్సకు ముడిసరుకవుతోంది.

భీమిలి ఇసుకలో ఏముంది?

భీమునిపట్నం దగ్గర తీరాన నడిస్తే కాళ్లకింద నల్ల ఇసుక తగులుతుంది. అందులో మోనజైట్ ఉంది, మోనజైట్‌లో థోరియం ఉంది. దీన్ని వెతికి లెక్కగట్టే అణు ఖనిజ సంచాలకాలయం ప్రధాన కార్యాలయం హైదరాబాద్ బేగంపేటలోనే ఉంది. దేశంలోని మోనజైట్‌లో అతిపెద్ద వాటా, 37 లక్షల టన్నులకు పైగా, ఆంధ్రప్రదేశ్‌దేనని ఆ సంస్థ అంచనా. ఇన్నాళ్లూ ఆ థోరియాన్ని మనం రేపటి కరెంటుగానే చూశాం. మందుగా చూడలేదు.

ఇక్కడ రెండు దారులను కలగలపకూడదు. ప్రకృతిలోని థోరియం-232 క్రమంగా విఘటన చెందుతూ థోరియం-228, రేడియం-224 మీదుగా సీసం-212 అవుతుంది. దీనికి రియాక్టర్ అక్కర్లేదు, రసాయనశాస్త్రం తెలిస్తే చాలు. ఒక టన్ను థోరియంతో సమతౌల్యంలో ఉండే సీసం-212 నాలుగు గిగాబెకెరల్ దాకా ఉంటుంది. మోతాదుకు రెండు వందల మెగాబెకెరల్ అనుకుంటే ఇరవై మోతాదులు. పిండిన మర్నాటికి ముప్పావు వంతుకు పైగా తిరిగి ఊరుతుంది. ఇది కాగితం మీది లెక్కే, శుద్ధిలో తరుగు పోతుంది. అయినా దారి తెరిచే ఉంది. మోనజైట్ శుద్ధిలో విడిపోయే రేడియం-228 కూడా ఈ వరుసలోదే. ఈనాడు దాన్ని వ్యర్థంగా పక్కన పెడుతున్నాం.

యాక్టీనియం దారి వేరు. థోరియాన్ని రియాక్టర్‌లో పెడితే యురేనియం-233 అవుతుంది, అది మెల్లగా థోరియం-229గా మారుతుంది, అందులోంచి యాక్టీనియం ఊరుతుంది. యురేనియం-233తో నడిచే కామిని రియాక్టర్ 1996 నుంచి కల్పాక్కంలో మనకుంది. ఆశపడే ముందు లెక్క చూసుకోవాలి. కిలో యురేనియం-233లో ఏడాదికి ఊరే థోరియం-229 ముప్ఫై మెగాబెకెరల్ మాత్రమే. ఒకసారి పిండితే నాలుగు మోతాదులకు సరిపడా. మామిడి మొక్క నాటి మనవడికి పళ్లు దాచిపెట్టడం లాంటి పని ఇది. ఇప్పుడు నాటినా ఫలం చాలా ఏళ్ల తర్వాతే. అందుకే తక్షణానికి సీసం-212, మధ్యకాలానికి సైక్లోట్రాన్‌లో రేడియం, దీర్ఘకాలానికి యురేనియం-233 అన్న వరుస మనకు నప్పుతుందని నా నమ్మకం.

చేయలేమన్న శంక అక్కర్లేదు. ల్యుటీషియం-177 విషయంలో చేసి చూపించాం. ట్రాంబేలోని ధ్రువ రియాక్టర్‌లో తయారై, అణుశక్తి శాఖకు చెందిన బ్రిట్ సంస్థ ద్వారా అది దేశంలోని ఆసుపత్రులకు అందుతోంది. విశాఖ దగ్గర అచ్యుతాపురంలో భాభా అణు పరిశోధన కేంద్రం కొత్త ప్రాంగణం రూపుదిద్దుకుంటోంది. వైద్య ఐసోటోపుల కోసం ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంలో రియాక్టర్ కడతామని 2020 మేలో కేంద్ర ఆర్థిక మంత్రి ప్రకటించారు. ఆ మాట భవనమయ్యే రోజు కోసం ఎదురుచూస్తున్న రోగులున్నారు.

నానక్‌రామ్‌గూడ ఏం చేయగలదు?

2024 ఫిబ్రవరిలో బ్రిస్టల్ మయర్స్ స్క్విబ్ రేజ్‌బయో కొనుగోలు పూర్తిచేసింది. అదే నెలలో హైదరాబాద్‌లో తన కేంద్రం తెరిచింది. పీఎస్ఎంఏ చికిత్సల్లో ముందున్న నోవార్టిస్‌కు ఇక్కడ పెద్ద ప్రాంగణం ఉంది. సీసం-212 మందు హక్కుల కోసం 2024లో పది కోట్ల యూరోలు ముందుగా చెల్లించిన సనోఫీకి కూడా హైదరాబాద్‌లో కేంద్రముంది. ఆల్ఫా మందుల యజమానుల్లో పలువురు మన ఐటీ కారిడార్ ఇరుగుపొరుగులే. వాళ్లకు కావలసిన మేధ ఇక్కడుంది, ఐసోటోపు మాత్రం ఇక్కడ పుట్టడం లేదు.

ఈ నగరానికి ఒక పాత అనుభవం ఉంది. 1960లలో బాలానగర్‌లో ప్రభుత్వం ఐడీపీఎల్ మందుల కర్మాగారం పెట్టింది. అందులో పనిచేసిన అంజిరెడ్డి గారు 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించారు. ఆ దారిలో మరెందరో నడిచారు, హైదరాబాద్ బల్క్ డ్రగ్ రాజధాని అయింది. ప్రభుత్వం ఖర్చుకు వెనకాడకుండా వేసిన విత్తనం అది. ఇప్పుడు అణు ఇంధన సముదాయం, ఈసీఐఎల్ ఇదే నగరంలో ఉన్నాయి. రేడియోధార్మిక పదార్థాలను భద్రంగా శుద్ధిచేయడం, కొలవడం తెలిసిన చేతులు ఉన్నాయి. మందుల కంపెనీలున్నాయి, ఆసుపత్రులున్నాయి. వీటన్నిటినీ కలిపే ఒక ప్రభుత్వ ఐసోటోపు కేంద్రమే లేదు.

నానక్‌రామ్‌గూడకు సరిపోయే పని ఇంకోటి ఉంది. ఆల్ఫా మోతాదులు అతిచిన్నవి కావడం వల్ల ఒంట్లో ఎక్కడెంత చేరిందో స్కాన్‌లో మసకగానే కనబడుతుంది. ఆ మసక నుంచి లెక్క తీయాలంటే మంచి సాఫ్ట్‌వేర్ కావాలి. ఏ సీసా ఏ గంటకు ఎవరికి చేరాలో కూర్చే పనీ లెక్కల పనే. 2019లో ఇక్కడే అతిపెద్ద ప్రాంగణం తెరిచిన అమెజాన్‌కు వేళకు సరుకు చేర్చడమే వ్యాపారం. ఆ నేర్పు తెలిసిన వేల మంది ఇంజనీర్లు రోజూ ఈ రోడ్ల మీదే తిరుగుతున్నారు.

చివరి మాట

ఆల్ఫా చికిత్స మాయమందు కాదు. రేడియం-223 తన మేలును రుజువు చేసుకుంది. యాక్టీనియం, సీసం, ఆస్టటైన్ బలమైన ఆశ చూపాయి, రుజువు ఇంకా రావాలి. ఈలోగా మన దేశంలో ఇచ్చే ప్రతి ఆల్ఫా మోతాదునూ, దాని ఫలితాన్నీ, దాని బాధనూ ఒక జాతీయ రిజిస్టరులో నమోదు చేయాలి. లేకపోతే రోగులు పడిన కష్టం నుంచి ఎవరూ ఏమీ నేర్చుకోలేరు.

రోగుల బంధువులకు ఒక్క మాట. ఆల్ఫా చికిత్స అని ఎవరైనా చెబితే మూడు ప్రశ్నలు అడగండి: స్కాన్‌లో కణితి వెలిగిందా? అనుమతి ఉన్న అన్ని చికిత్సలూ చూశారా? ఇది పరీక్షలో భాగమా, అయితే ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందా? జవాబులు తెలిశాకే పొలం అమ్మే ఆలోచన చేయండి.

పాలకులకు ఒక మనవి. భీమిలి ఇసుకను టన్నుల్లో లెక్కగట్టారు, సంతోషం. ఇక మోతాదుల్లో కూడా లెక్కగట్టండి. ఉప్పు రవ్వంత యాక్టీనియం కోసం ప్రపంచం వరుసలో నిలబడి ఉంది. మన తీరాన ఉన్న థోరియంతో ఆ వరుసను కొంతైనా తగ్గించే శక్తి మనకుంది.